సూదులు నిండుకున్నాయి

మా ఇంట్లో చెప్పులు లేకుండా ఎవరూ తిరగకూడదన్న నియమం పెట్టింది నేనే. ఆ నియమం పెట్టిన రోజు సాయంత్రమే, చెప్పు అడుగును తొలుచుకుని వచ్చిన సూది నా అరికాల్లో దిగింది. అదీ వంటింట్లో, స్టవ్ ముందు, చేతిలో పాలగిన్నెతో ఉన్నప్పుడు.

మా అత్తగారు సుభద్రమ్మగారికి ఎన్నో ఏళ్ళుగా షుగర్. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకోవాలి. మందు పెన్నులాంటి గొట్టంలో ఉంటుంది. దాని చివర చిన్న సూది తగిలించి, పొట్ట మీద పొడుచుకుని, ఆ సూదిని తీసి పారేయాలి. ఈ పారేయడం దగ్గరే అత్తాకోడళ్ళ మధ్య యుద్ధం. ఆవిడ దేన్నీ పారేసే మనిషి కాదు. బట్టలు కుట్టే సూదిని గోడ క్యాలెండరుకి గుచ్చి పెట్టుకునే అలవాటు కదా, వాడేసిన ఇన్సులిన్ సూదికీ అదే మర్యాద చేసేది. దిండు గలీబుకి గుచ్చేది. కర్టెన్‌కి గుచ్చేది. కరివేపాకు కుండీ మట్టిలో కూడా దొరికాయి నాకు. అడిగితే, "ఇనుమేగా, మొక్కకి బలం" అంది.

నేను చదువు చెప్పుకుని బతికేదాన్ని. పిల్లలకి ఒకటే ముక్క వందసార్లు చెప్పగలను. బట్టల సబ్బు ద్రవం వచ్చిన గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగి, మీద ఎర్రటి పెద్ద అక్షరాలతో 'సూదులు' అని రాసి, ఆవిడ మంచం పక్కన పెట్టాను. సూది తీయగానే ఇందులో వేయాలి. ముప్పాతిక వంతు దాకా రాగానే మూత బిగించి, టేపు చుట్టి ఆసుపత్రిలో ఇచ్చేస్తే మిగతాది వాళ్ళు చూసుకుంటారు. ఇంతకంటే తేలికైన పని లోకంలో ఉందా? వారం తిరక్కుండా ఆ డబ్బాలో శనగపిండి కనబడింది.

"ఇందులో సూదులేవీ అత్తయ్యా?"

"కాగితంలో పొట్లం కట్టి చెత్తలో వేశాలే. ఇంత గట్టి డబ్బాని సూదులకి తగలేస్తారటే ఎవరైనా? పురుగు పట్టకుండా పిండి ఎంత శుభ్రంగా ఉందో చూడు."

ఆ పొట్లమే నాగరత్నం చేతికి దిగింది. నాగరత్నం మా వీధి చెత్తబండి మనిషి. సంచి ఎత్తబోతే బొటనవేలికి గుచ్చుకుంది. నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తపరీక్షలు, మాత్రలు, మళ్ళీ కొన్నాళ్ళకి పరీక్షలు. ఏ రోగమూ అంటుకోలేదని తేలేదాకా ఆ మనిషి కంటి మీద కునుకు లేదు. "చదువుకున్నోళ్ళ ఇల్లు గదా, మీ సంచి కళ్ళు మూసుకుని ఎత్తేదాన్నమ్మా" అని ఒక్క మాట అంది. తిట్టినా బాగుండేది. ఆ రోజు మా అత్తగారు అన్నం ముట్టలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు పొద్దున క్యాలెండరులో, సరిగ్గా ఆదివారం గడిలో, మళ్ళీ సూది! ఆవిడ ఏడుపులో అబద్ధం లేదు. చేతికి పడ్డ అలవాటు ముందు ఆ ఏడుపు నిలబడలేదు, అంతే.

మా ఆయన భానుమూర్తి మంగళగిరిలో వైద్య పరికరాలు తయారుచేసే ప్రయోగశాలలో శాస్త్రవేత్త. తల్లికి ఎదురుగా నిలబడి "అమ్మా, సూది డబ్బాలో వెయ్యి" అని గట్టిగా ఒక్క మాట అనలేకపోయారు గానీ, ఆ మాట అనకుండా తప్పించుకోవడానికి ప్రయోగశాల మొత్తాన్ని కదిలించారు.

"మనుషుల్ని మార్చలేం ఇందూ. డబ్బాని మారుద్దాం" అన్నారు.

"మీ అమ్మగారు డబ్బాని మార్చేశారుగా, శనగపిండికి" అన్నాను.

రెండేళ్ళ తరవాత నన్ను ప్రయోగశాలకి తీసుకెళ్ళి బల్ల మీద ఒక పెట్టె చూపించారు. ప్రెషర్ కుక్కరంత ఉంది. పైన చిన్న నోరు, కింద చిన్న అర. ఆయన దగ్గర పనిచేసే ఫిరోజ్ అనే కుర్ర ఇంజనీరు వాడేసిన సూదిని ఆ నోట్లో పడేశాడు. గుటుక్కుమని చప్పుడయింది. లోపల నీలంగా ఏదో మెరిసింది. కిటికీలాంటి గాజుముక్కలోంచి చూస్తే సూది లేదు, ఆవగింజంత లోహపు పూస ఉంది. మరుక్షణం కింది అరలోకి, సీలు వేసిన కొత్త సూది ఒకటి జారిపడింది.

"సూది ఇస్తేనే సూది" అన్నారు మా ఆయన, సొంత పిల్లని చూపిస్తున్నంత ముచ్చటగా. "పాతది వేయకపోతే కొత్తది రాదు. ఇంక క్యాలెండరుకి గుచ్చే ప్రశ్నే లేదు. ముందు మన వార్డులో షుగర్ ఉన్న ఇళ్ళన్నిటికీ ఇస్తున్నాం. ఇది నడిచినన్నాళ్ళు వార్డులో మందుల షాపులు విడిగా సూదులు అమ్మవు. ఒప్పందం అయిపోయింది."

ఫిరోజ్ నాకు వినోదం కోసం పెట్టెని సుత్తితో బాదాడు. స్క్రూడ్రైవరుతో పొడిచాడు. గీత కూడా పడలేదు.

"నిండితే ఎలా తెరుస్తారు?" అని అడిగాను.

"తెరవం" అన్నారు మా ఆయన. "నిండిందని తెలియగానే అదే మూసుకుంటుంది. ఇంక నేను కూడా తెరవలేను. బండి వచ్చి తీసుకెళుతుంది, కొలిమిలో వేసేస్తారు."

"లోపల కొత్త సూదులు మిగిలుంటే?"

"అవీ పోతాయి. కొత్త సూదులు నింపే తలుపు కూడా దాంతోపాటే మూసుకుపోతుంది. నిండాక తెరుచుకునే వీలుంటే ఎవరో ఒకరు చెయ్యి పెడతారు. నాగరత్నం వేలు మర్చిపోయావా?"

నాగరత్నం వేలు మాట ఎత్తితే నేను వాదించనని ఆయనకి తెలుసు. ఇంకో ప్రశ్న వేశాను. నిండిందని దానికి ఎలా తెలుస్తుంది? దీనికి ఫిరోజ్ కొంచెం నసిగాడు. లోపలి వేడికి కొలిచే పరికరాలు చెడిపోతున్నాయట. కొన్నాళ్ళకే నిండకుండా నిండిందనీ, నిండినా లేదనీ చెబుతున్నాయట. అందుకని సాయంత్రం కాగానే పెట్టె మనిషినే అడుగుతుంది. మనిషి చూసి చెబుతాడు.

"చూపు ఆనని వాళ్ళకి మీటలూ అవీ ఎందుకని మాటతోనే పెట్టామండీ. మంచి తెలుగు నేర్పాం. వార్తలు, పాఠ్యపుస్తకాలు, ఉపన్యాసాలు, అన్నీ వినిపించాం. ఎలా మాట్లాడినా అర్థం చేసుకుంటుంది."

"మా అత్తగారు మాట్లాడినా?"

అతను నవ్వాడు. మా ఆయనా నవ్వారు. నేను హాస్యమాడలేదు.

పెట్టెకి ప్రయోగశాల వాళ్ళు ఏదో సంస్కృతం పేరు పెట్టారు. అది ఇంటికి వచ్చిన రోజే మా అత్తగారు దాన్ని 'గుటకమ్మ' అంది. వార్డు మొత్తానికి ఆ పేరే ఖాయమైంది. 

"నమస్కారం సుభద్రమ్మగారూ. దయచేసి పాత సూదిని వేయండి" అనేది గుటకమ్మ, వార్తలు చదివే గొంతుతో.

"వేస్తున్నాలేవే, పీకల మీదికొచ్చినట్టు ఏంటా తొందర? చెయ్యి వణుకుతోంది కదా, ఆగు."

"ధన్యవాదాలు."

"ఆ, ఉంచుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వినని మనిషి, బల్ల మీద కూర్చున్న పెట్టె చెబితే పొల్లుపోకుండా వింటోంది! దానికి పసుపు బొట్టు పెట్టింది. పక్కింటావిడ వస్తే "మా గుటకమ్మ చాలా నెమ్మదస్తురాలు, కోడలిలాగా విసుక్కోదు" అని పరిచయం చేసింది. కానీ ఒప్పుకోవాలి. ఇల్లంతా గాలించి పాత సూదులన్నీ ఏరి గుటకమ్మ నోట్లో వేశాక, ఎన్నాళ్ళకో వంటింట్లో ఒట్టి కాళ్ళతో నడిచాను. నాగరత్నం మా సంచి మళ్ళీ మామూలుగా ఎత్తింది. మా ఆయన్ని పొగడటం నాకు అలవాటు లేదు గానీ, ఆ రోజు పొగిడాను.

వేసవిలో నాకు పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ ఒంగోలులో పడింది. అక్కడే ఉండి దిద్దాలి. అదే సమయానికి మా ఆయన విశాఖపట్నం వెళ్ళారు. మా వార్డులో పెట్టెలు ఎంత బాగా పనిచేస్తున్నాయో అక్కడ పెద్దల సభలో చూపించాలట. అత్తగారు ఒక్కతే ఉంటుందే అని నేను గొణిగితే, "నాకేం, గుటకమ్మ ఉందిగా" అంది. వంట చేసిపెట్టే మనిషిని కుదిర్చాను. ఇన్సులిన్ గొట్టాలు ఫ్రిజ్‌లో వరసగా పెట్టాను. గుటకమ్మ కడుపులో కొత్త సూదులు ఎన్ని ఉన్నాయో చూసే బాధ్యత మా ఆయనది. ఆయన చూడలేదు.

నేను వెళ్ళిన కొద్దిరోజులకే సూదులు అయిపోయాయి. అత్తగారు పాతది వేస్తే గుటుక్కుమంది గానీ, కింది అరలోకి ఏమీ జారలేదు. సాయంత్రం గుటకమ్మ ఎప్పటిలాగే అడిగింది, "సుభద్రమ్మగారూ, పెట్టె పరిస్థితి ఎలా ఉంది?"

"సూదులు నిండుకున్నాయే తల్లీ" అంది ఆవిడ.

"సూదులు నిండినట్టు నమోదు చేశాను. పెట్టెను మూసివేస్తున్నాను. మీ సహకారానికి ధన్యవాదాలు."

పైన నోరు మూసుకుంది. పక్కన సూదులు నింపే తలుపు మూసుకుంది. టక్కుమని తాళం పడిన చప్పుడు కూడా అయిందట.

ఆవిడ కొడుక్కి ఫోన్ చేసింది. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో తరవాత మా ఆయనే నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. చెబుతూ తల గోడకి కొట్టుకున్నారు.

"ఒరే భానూ, గుటకమ్మ సూది ఇవ్వట్లేదురా. నోరు మూసేసుకుంది."

ఆయన తన ఫోన్‌లో చూసుకున్నారు. మా ఇంటి పెట్టె ఎదురుగా 'నిండింది' అని ఆకుపచ్చగా ఉంది. 

"నిండిందమ్మా, అందుకే మూసుకుంది."

"నిండుకున్నాయనేరా నేనూ అంటున్నది!"

"అవునమ్మా, నాకూ అదే చూపిస్తోంది. కంగారుపడకు. బండి వచ్చి దాన్ని తీసుకెళ్ళి కొత్తది ఇస్తుంది."

"బండి ఎప్పుడొస్తుంది?"

"రేపు వచ్చేస్తుంది."

తల్లీ కొడుకులిద్దరూ ఒకే మాట అనుకున్నారు. ఇద్దరికీ ఎదుటివాళ్ళు తమ మాటే ఒప్పుకున్నట్టు అనిపించింది. హాయిగా ఫోన్ పెట్టేశారు.

రేపు బండి రాలేదు. ఎందుకు రాలేదంటే, అన్నీ ఒకేసారి ఇచ్చిన పెట్టెలు కదా, వార్డులో సగం ఇళ్ళలో నిండిపోయాయని కబురు వచ్చింది. ఉన్నవి రెండు బండ్లు. విశాఖలో మా ఆయన తెర మీద వార్డు పటం వేసి చూపిస్తుంటే, ఒక్కో ఇల్లూ ఆకుపచ్చ రంగులోకి మారుతోందట. వాళ్ళ డైరెక్టరు చలపతిగారు లేచి, ప్రజల్లో ఇంత చైతన్యం తన ఉద్యోగంలో చూడలేదని అన్నారట. చప్పట్లు కొట్టారట. నాకు ఇప్పటికీ ఆ చప్పట్లు తలుచుకుంటే రక్తం ఉడుకుతుంది.

అత్తగారు మందుల షాపుకి వెళ్ళింది. ఒప్పందం ప్రకారం లేవన్నాడు. పక్క వార్డు దాకా నడిచే మోకాళ్ళు ఆవిడకి లేవు. పక్కింట్లో అడిగింది. వాళ్ళ పెట్టె కూడా మూసుకుంది. క్యాలెండరు వెతికింది, దిండ్లు వెతికింది, కర్టెన్లు దులిపింది. నేను అన్నీ ఏరేశాను కదా, ఒక్కటీ దొరకలేదు. ఫ్రిజ్‌లో మందు ఉంది. పొట్టలోకి పంపడానికి వడ్లగింజంత సూది లేదు.

నేను రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. "ఎలా ఉన్నారు అత్తయ్యా?" అంటే "బాగానే ఉన్నా, నీ పేపర్లు చూసుకో" అంది. గొంతు బొంగురుగా ఉందే అంటే ఎండ అంది. మంచినీళ్ళు ఎక్కువ తాగుతున్నాను అంటే, నేను కూడా వెర్రిదానిలా "తాగండి, మంచిదే" అన్నాను. కొడుకు రేపు వస్తుందన్నాడు కాబట్టి రేపు వస్తుంది. కోడలిని ఉద్యోగం మధ్యలో కదిలించకూడదు. వండిపెట్టి పోయే మనిషికి ఇంటి కష్టం చెప్పుకోకూడదు. అదీ ఆవిడ లెక్క. ఈ పెద్దవాళ్ళు మనకి ఇబ్బంది కలగకూడదనుకుని చేసేంత ఇబ్బంది, పగబట్టినవాళ్ళు కూడా చేయలేరు.

ఒక పొద్దున నాగరత్నం ఫోన్ చేసింది. "అమ్మా, పెద్దమ్మగారు చెత్తకి పిలిస్తే పలకట్లేదు. తలుపు తోసి చూశా. వంటింట్లో పడిపోయుంది. ఊపిరుంది. ఆటో ఎక్కిస్తున్నా, ఏ ఆసుపత్రికి పొమ్మంటారు?"

నేను ఒంగోలు నుంచి వచ్చేసరికి ఆవిడ అత్యవసర వార్డులో ఉంది. షుగర్ ఎంతుందో చెప్పడానికి వాళ్ళ యంత్రంలో అంకె లేదన్నాడు డాక్టరు. ఒంట్లో నీరంతా ఇంకిపోయిందట. మా వార్డు నుంచి ఇలాంటి ముసలివాళ్ళు ఇంకా కొందరు వచ్చారని, ఇదేం అంటువ్యాధో అర్థం కావట్లేదని అన్నాడు. అంటువ్యాధట!

బట్టలు తెద్దామని ఇంటికి వచ్చాను. వంటింట్లో గుటకమ్మ బొట్టు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఈ పెట్టె నిండింది. ధన్యవాదాలు, సుభద్రమ్మగారూ" అంది. రెండు చేతులతో ఎత్తాను. నిండు పెట్టె కదా అని బలం పెట్టి ఎత్తితే, మీదికి లేచిపోయింది. ఊపితే అడుగున నాలుగు ఆవగింజలు దొర్లిన చప్పుడు. అక్కడే నేలమీద చతికిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే రైల్లో ఉన్నారు.

"మీ అమ్మగారు మీతో సరిగ్గా ఏమన్నారు?"

"చెప్పాగా ఇందూ. పెట్టె నిండిందంది."

"నిండిందన్నారా, నిండుకున్నాయన్నారా?"

"నిండుకున్నాయంది. రెండూ ఒకటేగా?"

"ఏమండీ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని నేను చెబితే మీరేం చేస్తారు? బస్తా నిండిందని సంబరపడి కూర్చుంటారా?"

"అయ్యో" అన్నారు. అంతే.

మా ఇళ్ళలో ఏ వస్తువూ 'అయిపోదు'. బియ్యం అయిపోవు, నూనె అయిపోదు, పసుపు అయిపోదు. ఆ మాట నోట పలికితే నిజంగానే ఇల్లు ఖాళీ అవుతుందని భయం. అందుకని డబ్బా అడుగు కనబడగానే నిండుకున్నాయంటారు. ఇది తెలియని ఆడది ఈ జిల్లాలో లేదు. మగవాళ్ళకీ తెలుసు, సంచి పట్టుకుని కొట్టుకి వెళ్ళినంతకాలం. వార్తలకి, పాఠ్యపుస్తకాలకి, ఉపన్యాసాలకి తెలియదు. వాటిల్లో ఎప్పుడూ ఎవరి ఇంట్లోనూ బియ్యం నిండుకోలేదు కాబోలు.

అత్తగారు బతికింది. మాట ఒకటి తప్ప అన్నీ మెల్లగా తిరిగి వచ్చాయి. ఆవిడ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ప్రయోగశాలలో విచారణ జరిగింది. ప్రయోగానికి ఒప్పుకుంటూ మా ఇంటి తరఫున సంతకం పెట్టింది నేను కాబట్టి నన్నూ పిలిచారు. చలపతిగారు మంచి మనిషే. ఆ మంచితనమే నాకు మరీ విసుగు తెప్పించింది.

"చాలా బాధాకరమమ్మా. కానీ యంత్రంలో లోపం లేదు. వాడినవారు పొరపాటు పదం వాడారు. సరైన మాట 'అయిపోయాయి' అని ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఇకమీదట పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయిద్దాం, 'అయిపోయాయి అని పలకండి' అని."

"డెబ్భై ఏళ్ళావిడ చేత, దీపం పెట్టే వేళ, సొంత వంటింట్లో అయిపోయాయని పలికిస్తారా?" అన్నాను.

"ఒక్క మాటేగా అమ్మా."

మా ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఆ 'ఒక్క మాటేగా' ఆయనకీ కొంచెం ఊరటగా ఉన్నట్టు నాకు అనిపించింది. తప్పు అమ్మదైతే క్షమించడం తేలిక. ఆయన్ని అక్కడే కడిగేద్దామనుకున్నాను. అంతలో ఫిరోజ్ లేచాడు. పెట్టెలు విన్న మాటలన్నీ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయట. మూసుకున్నాక విన్నవి కూడా. తను రాత్రీ పగలూ అవే వింటున్నానని, అందరూ ఒకసారి వినాలని అన్నాడు. అతని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

గదిలో మా వార్డు ఆడవాళ్ళ గొంతులు మొదలయ్యాయి. "నిండుకున్నాయి నాయనా." "నిండుకున్నాయంటే వినబడదా నీకు?" "ఏం పెట్టెవే, నిండుకుంటే ఇవ్వవా?" ప్రతి గొంతు వెనకాలా గుటకమ్మ, అదే మర్యాదతో, "ధన్యవాదాలు." ఒకావిడ బతిమాలుతోంది. ఒకావిడ దాన్ని చెంబుతో కొడుతోంది. చలపతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తరవాత మా ఇంటి పెట్టె.

"గుటకమ్మా, నిండుకున్నాయమ్మా. వింటున్నావా? అబ్బాయి రేపు అన్నాడు. రేపు కూడా అయింది."

"ఈ పెట్టె నిండింది. ధన్యవాదాలు, సుభద్రమ్మగారూ."

"కళ్ళు మసకలేస్తున్నాయే. నాలుక పిడచకట్టుకుపోతోంది. నిండుకున్నాయే తల్లీ, ఒక్కటి ఇయ్యి. ఒక్కటిస్తే పొద్దుటికి బండొస్తుంది."

"ఈ పెట్టె నిండింది. ధన్యవాదాలు, సుభద్రమ్మగారూ."

కాసేపు ఫ్రిజ్ మోత తప్ప ఏమీ లేదు. ఇంక అయిపోయిందనుకుని ఫిరోజ్ వైపు చూశాను. అతను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. అప్పుడు వినబడింది. గుసగుసగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"అయిపోయాయి. అయిపోయాయే. సూదులు అయిపోయాయి. విన్నావా? అనిపించావుగా నా చేత! ఇప్పుడన్నా ఇయ్యి."

"ఈ పెట్టె నిండింది. ధన్యవాదాలు, సుభద్రమ్మగారూ."

నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. ఫిరోజ్ మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టాక తెలిసింది.

మా ఆయన లేచి నిలబడ్డారు. "సరైన మాట కూడా అంది సార్" అన్నారు. "మీరు అనమన్న మాటే అంది. అది వింది కూడా. ఒకసారి మూసుకున్నాక ఎవరు ఏమన్నా తెరవకూడదని రాసింది నేను. ఎవరి నోటి మాటా పొరపాటు కాదు. నివేదికలో అదే రాయండి. మీరు రాయకపోతే నేను రాస్తాను."

రాశారు. పెట్టెలన్నీ వెనక్కి తీసుకున్నారు. మందుల షాపుల్లో సూదులు మళ్ళీ అమ్ముతున్నారు. నేను ఇంకో గట్టి ప్లాస్టిక్ డబ్బా కడిగి, ఎర్ర అక్షరాలు రాసి, మంచం పక్కన పెట్టాను.

అత్తగారు ఇంటికి వచ్చింది. సూది వాడగానే నేరుగా డబ్బాలో వేస్తోంది. మూత బిగిస్తోంది. ఒక్కటి కూడా బయట పడట్లేదు. ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్నది అదే కదా, చూస్తుంటే నాకు దడ పుట్టింది. ఆవిడ వంటింట్లోకి రావడం మానేసింది. ఎప్పుడన్నా వచ్చినా మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే చెయ్యి చాపి చూపిస్తోంది. కోడలి వంటకి వంక పెట్టడం లేదు. డాక్టరుని అడిగితే నరాల్లో ఏ తేడా లేదన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన ఆవిడ మంచం పక్కన కూర్చుని కాళ్ళు పడుతుంటే, తనే నోరు విప్పింది.

"భానూ, ఆ పెట్టె మనం అన్నవన్నీ దాచుకుంటుందట, నిజమేనా?"

"అవునమ్మా."

"నావి విన్నావా?"

"విన్నాను."

"అన్నీనా?"

"అన్నీ విన్నానమ్మా."

ఆవిడ దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. అంత భయం ఆవిడ మొహంలో నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు. "ఆఖర్న... నేనేమన్నానురా? నాకు సరిగ్గా గుర్తులేదు. దీపాలు పెట్టే వేళ. ఇంట్లో అనకూడనిది ఏమన్నా అన్నానా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ మాట అన్న మర్నాడు పొద్దునే ఆవిడ పడిపోయింది. మందు లేక పడిపోయాననుకోవడం లేదు. తన నోటితో ఇంటిని ఖాళీ చేశాననుకుంటోంది. తను పోలేదు కాబట్టి, ఆ మాట ఇంకా ఈ ఇంట్లోనే ఎక్కడో తిరుగుతోందని, కొడుకు మీదికో నా మీదికో వస్తుందని, నోరు కట్టేసుకుని కాపలా కూర్చుంది.

మా ఆయన లెక్కల మనిషి. పరీక్షలో వచ్చిన అంకెని చుక్క అటూ ఇటూ మార్చి చెప్పడం ఆయనకి చేతకాదు. అదే ఆయనతో నాకున్న పెద్ద గొడవ. నేను గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

"నిండుకున్నాయన్నావమ్మా" అన్నారు ఆయన, తల్లి పాదం వదలకుండా. "మొదటినుంచి చివరిదాకా అదే అన్నావు. ఇంకో మాట లేదు."

ఆవిడ ఆయన్ని నమ్మలేదు. నా వైపు చూసింది. కొడుకు ప్రేమకొద్దీ అబద్ధం ఆడతాడు, కోడలు ఆడదు. నేను ఆవిడని ఏ విషయంలోనూ ఎప్పుడూ వదిలిపెట్టిన దాన్ని కాను కదా.

"నువ్వూ విన్నావటే ఇందూ?"

"ఎందుకు వినలేదు? విని విని చెవులు చిల్లులు పడ్డాయి" అన్నాను. "ప్రాణం మీదికొచ్చినా నిండుకున్నాయి, నిండుకున్నాయి అని ఒకటే పాట. ఇంకో మాటే రాదా ఈవిడకి అని అందరి ముందూ ఎంత చిరాకేసిందో నాకు."

దుప్పటి అంచు వేళ్ళలోంచి జారింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, దిండుకి ఆనుకుని, పాత గొంతుతో నా మీద లేచింది. "ఎందుకొస్తుందే? పచ్చటి ఇంట్లో ఆ మాట నా నోట ఎందుకొస్తుంది? నీకేం, ఏదైనా అంటావు. పో, ఆ పులుసు మాడిపోతున్నట్టుంది, ఇక్కడిదాకా వాసన!"

పులుసు మాడటం లేదు. అయినా నేను వెళ్ళి స్టవ్ కట్టేశాను.